"ఉన్నమాటే అన్నాను" అంటే గీబత్ కాకుండా పోదు

గీబత్ (ఒకరి చాటున వాళ్ల లోపాలు చెప్పుకోవడం) ఆపమంటే చాలు, వెంటనే ఒక మాట అడ్డమొస్తుంది: "నేనేం కల్పించలేదే, ఉన్నమాటే అన్నాను!" నిజమే. ఉన్నమాట కాబట్టే అది గీబత్. లేనిది అంటగడితే దాని పేరు వేరు, బుహ్తాన్.

సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసు (ప్రవక్త మాట) చూడండి. గీబత్ అంటే మీ సోదరుడి గురించి అతనికి నచ్చని సంగతి ఎత్తడం అని దైవప్రవక్త (స) చెప్పగానే, "ఆ లోపం అతనిలో నిజంగానే ఉంటేనో?" అని ఒకరు అడిగారు. ఉంటే గీబత్, లేకపోతే అపనింద (బుహ్తాన్) అన్నారు ప్రవక్త (స). మన సాకుకు అప్పుడే జవాబు వచ్చేసింది. ఖురాన్‌లో సూరా హుజురాత్ 12వ ఆయత్ దీన్ని చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. అంతటి పోలిక విన్నాక కూడా "ఊరికే సరదాకి" అంటారే, అదే నాకు అర్థం కాదు.

ఎంత చిన్న మాటైనా లెక్కే. ప్రవక్త (స) భార్యల్లో ఒకరైన సఫియ్యా (ర) పొట్టిదన్న అర్థంలో మరో భార్య ఆయిషా (ర) ఒక్క మాట జారితే, దాన్ని సముద్రంలో కలిపినా ఆ నీళ్లు పాడవుతాయన్నారు ప్రవక్త (స). ఇక ఒకరి నడకను అనుకరించి చూపడం, ఒకరి స్క్రీన్‌షాట్ పంపి కింద నవ్వు బొమ్మ పెట్టడం ఏ లెక్కలోకి వస్తాయో మీరే చూసుకోండి.

అన్నిటికన్నా ఒళ్లు మండేది దువా (ప్రార్థన) వేషంలో వచ్చే గీబత్. "పాపం, నమాజు వదిలేశాడట, అల్లా హిదాయత్ (సన్మార్గం) ఇవ్వాలి" అని పదిమందిలో అంటారు. దువా చేయాలనుంటే సజ్దాలో (నమాజులో నుదురు నేలకానించినప్పుడు) చెయ్యొచ్చు, పేరు పదిమందికి చెప్పక్కర్లేదు. భక్తి ముసుగులోని ఈ గీబత్‌ను పండితుడు ఇమాం గజాలీ ఏనాడో ఎండగట్టారు.

మినహాయింపులు ఉన్నాయి. మరో పండితుడు ఇమాం నవవీ ఆరు చెప్పారు: అన్యాయంపై ఫిర్యాదు, చెడును ఆపడానికి సాయం కోరడం, ఫత్వా (మతపరమైన తీర్పు) అడగడం, హెచ్చరించడం, బాహాటంగా చేసే పాపం గురించి చెప్పడం, గుర్తుపట్టడానికి చెప్పే ఆనవాలు. చిక్కల్లా హద్దు దగ్గరే. ఫాతిమా బిన్తె ఖైస్ (ర) అనే మహిళ తనకొచ్చిన సంబంధాల గురించి అడిగితే, అబూ జహ్మ్ భుజం మీంచి కర్ర దించడు (కొట్టే మనిషి), ముఆవియా దగ్గర డబ్బు లేదు, ఉసామాను చేసుకో అన్నారు ప్రవక్త (స). అడిగిన మనిషికే, పెళ్లికి పనికొచ్చేదే, ఒక్కో మాటలో. మనల్ని అబ్బాయి గురించి అడిగితే వాళ్ల మేనమామ ఆస్తి తగాదా నుంచి మొదలుపెడతాం. భర్త పిసినారితనం గురించి హింద్ (ర) అనే ఆమె చెప్పుకున్నది కూడా తీర్పు చెప్పగలిగిన ప్రవక్త (స) దగ్గరే. బంధువుల వాట్సాప్ గ్రూపు ఖాజీ కోర్టు కాదు.

వినేవాళ్లకూ వాటా ఉంది. మాట మళ్లించాలి, కుదరకపోతే ఎవరిని అంటున్నారో అతని తరఫున మాట్లాడాలి, అదీ కుదరకపోతే లేచిపోవాలి. "ఊఁ" కొడుతూ కూర్చుంటే వంత పాడినట్టే.

ఇక తౌబా (పాపం మాని అల్లా వైపు మరలడం) సంగతి. మానేయడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం, ఈ మూడింటితో అల్లా హక్కు తీరుతుంది. ఎవరి గురించి అన్నామో ఆ మనిషి హక్కు మిగిలే ఉంటుంది. అలాగని అతనికి తెలియని మాటను వెళ్లి చెప్పేస్తే కొత్త గొడవ మొదలవుతుంది. అందుకే అతని చెవిన పడనప్పుడు, అతని కోసం దువా చేసి, ఎక్కడ తిట్టారో అక్కడే అతని మంచి చెప్పమన్నారు ఇబ్నె తైమియా వంటి పండితులు. ముందు గ్రూపులో ఆ మెసేజ్ తీసేయండి. తర్వాత అదే గ్రూపులో, అదే మనుషుల ముందు, అతని గురించి ఒక మంచి మాట రాయండి. చాలామందికి వేళ్లు ఆడనిది సరిగ్గా అక్కడే.