మెకాండ్లెస్ మీద తీర్పు ఇచ్చేముందు

అడవిలో ఒంటరిగా బతకాలని వెళ్లి 1992లో అలాస్కాలో చనిపోయిన అమెరికన్ యువకుడు క్రిస్ మెకాండ్లెస్‌ని ‘విషపు గింజలు తిన్న మూర్ఖుడు’ అని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. ఏ కథనం ఆధారంగా? అతని కథ రాసిన రచయిత జాన్ క్రాకౌర్ 1993లో పత్రికకు రాసినప్పుడు, తినదగిన దుంప మొక్క అనుకుని వేరే మొక్క గింజలు తిన్నాడన్నారు. 1996లో వచ్చిన తన పుస్తకం ‘ఇన్‌టు ద వైల్డ్’లో మొక్క సరైనదే, విషం దాని గింజల్లోనే ఉందన్నారు. తర్వాత ల్యాబ్‌లో ఆ విషం దొరకలేదు. 2013లో మన కేసరి పప్పులో ఉండే ఓడాప్ అనే విషం అన్నారు, 2015లో కెనవనిన్ అనే మరో విష పదార్థం అన్నారు. మార్చిన ప్రతిసారీ బాహాటంగా చెప్పారు, అది మెచ్చుకోవాలి. కానీ పరీక్షలు పూర్తికాకుండానే పుస్తకంలో అంత ధీమాగా రాయకూడదు. పాత ముద్రణ చదివినవాళ్లు ఇప్పటికీ దాన్నే నమ్ముతున్నారు.

సరైన మ్యాపు తీసుకెళ్లకపోవడం మాత్రం కచ్చితంగా అతని తప్పే. జూలైలో టెక్లానికా నది పొంగి వెనక్కి రాలేకపోయాడు; కొద్ది దూరంలోనే నది దాటడానికి తీగ మీద నడిపే బుట్ట ఉండేది, మ్యాపు ఉంటే తెలిసేది. తిట్టాలంటే దానికి తిట్టండి, గింజలకు కాదు.