కార్ఖానా గడప తొక్కని పరిశోధన

మన బిజినెస్ స్కూళ్లలో అధ్యాపకుల ఎదుగుదల జర్నళ్ల జాబితాల మీద నడుస్తోంది. ఆస్ట్రేలియా బిజినెస్ డీన్ల మండలి జాబితాలో ‘ఏ స్టార్’ అనే అత్యున్నత శ్రేణి జర్నళ్లలో పేపర్లు ఎన్ని, ఫైనాన్షియల్ టైమ్స్ ఎంచిన 50 జర్నళ్లలో ఒక్కటైనా పడిందా అన్నదే ముందు చూస్తారు. ఆ పేపర్ వల్ల ఏ సంస్థ ఏం మార్చుకుందని అడిగేవాళ్లు అరుదు. ‘పరిశ్రమతో కలిసి పరిశోధన’ అని బ్రోచర్లలో మాత్రం అందరూ వేసుకుంటారు. కలిసి పనిచేయడానికి ఎంత కాలం, ఎంత డబ్బు, ఎంత ఓపిక కావాలో తెలియాలంటే ముంబయికి ఉత్తరాన ఉన్న నేత మిల్లుల సంగతి చూడాలి.

స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, అక్కడి బిజినెస్ స్కూల్ ఆచార్యుడు జాన్ రాబర్ట్స్, ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ మెకంజీ మరికొందరితో కలిసి 2008లో తారాపూర్, ఉంబర్‌గావ్ ప్రాంతాల మిల్లుల్లో దిగారు. 17 కుటుంబ సంస్థలు, వాటి కింద 28 మిల్లులు. యాక్సెంచర్ కన్సల్టెంట్లను పెట్టి, యజమానుల దగ్గర పైసా తీసుకోకుండా, కొన్ని మిల్లుల్లో ఐదు నెలలపాటు పద్ధతులు మార్పించారు. పోలిక కోసం మరికొన్నింటిని నెల రోజుల తనిఖీతో సరిపెట్టారు.

లోపల వాళ్లకు కనిపించినవి చాలా మామూలు విషయాలు. స్టోరు గదిలో ఏ నూలు ఎంత ఉందో రాసిపెట్టిన కాగితం లేదు. చీటీల్లేని మూటలు తేమకు పాడవుతున్నాయి. మగ్గం ఆగిపోతే తప్ప దాని జోలికి పోరు. నేసిన బట్టను వెనక నుంచి దీపం వెలిగే గాజుపలక మీద పరిచి లోపాలు వెతికి సరిచేయడానికే దాదాపు ఐదోవంతు మంది కూలీలు. లోపం ఏ మగ్గం దగ్గర, ఏ షిఫ్టులో పుడుతోందన్న లెక్క తీస్తే ఆ శ్రమలో చాలా భాగం మిగులుతుంది. కానీ తమ నాణ్యత పక్కవాళ్లకు తీసిపోదని యజమానుల నమ్మకం. ఆ లెక్క రోజూ తీసి, రోజూ కూర్చుని మాట్లాడుకోవడం మొదలయ్యాక మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఈ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి.

అక్కడితో ఆగితే అది మరో మంచి పేపర్, అంతే. 2017లో వాళ్లు మళ్లీ అవే మిల్లులకు వెళ్లారు. నేర్పిన పద్ధతుల్లో సగం మాయమయ్యాయి. మేనేజర్ మారిపోవడం, యజమానికి తీరిక లేకపోవడం ముఖ్య కారణాలని తేలింది. మిగిలిన సగం మాత్రం గట్టిగా నిలిచింది, అదే యజమాని ఇతర మిల్లులకూ పాకింది. పక్క సంస్థకు పాకింది తక్కువే. నా దృష్టిలో మొదటి ఫలితం కంటే ఇది విలువైనది. సలహా ఎందుకు పనిచేసిందో చెప్పడానికి చాలామంది ఉన్నారు, ఎందుకు నిలవలేదో చూడటానికి తొమ్మిదేళ్ల తర్వాత తిరిగి వెళ్లేవాళ్లు ఎందరు?

ఈ ప్రయోగంలో ఒక లోటు ఉంది. ప్రశ్న ఆచార్యులది, లెక్క యజమానిది. మగ్గం నడిపేవాడు ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. దీనికి భిన్నమైన దారి మన దేశంలోనే ఉంది. అహ్మదాబాద్ ఐఐఎం డైరెక్టర్ పదవి వదిలేసిన రవి మత్తాయ్ 1975లో రాజస్థాన్‌లోని కరువు ప్రాంతం జవాజాకు వెళ్లి, సహాధ్యాపకులను, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) డిజైనర్లను వెంటబెట్టుకుని తోలు పనివాళ్లతో, నేతవాళ్లతో కూర్చున్నారు. ఏం తయారుచేయాలి, ఎవరికి అమ్మాలి, లెక్క ఎవరు రాయాలి అన్నవన్నీ వాళ్లతో కలిసే తేల్చుకునే ప్రయత్నం అది. అదే ఐఐఎంలో ఆచార్యుడు అనిల్ గుప్తా మొదలుపెట్టిన, పల్లె ఆవిష్కరణలను వెతికి నమోదుచేసే హనీబీ నెట్‌వర్క్ నియమం ఇంకా సూటిగా ఉంటుంది: పల్లె నుంచి తీసుకున్న జ్ఞానం వాళ్ల పేరుతోనే, వాళ్ల భాషలోనే వాళ్లకు తిరిగి చేరాలి. పోచంపల్లి చీర కోసం ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ వరసగా తిప్పే) యంత్రం చేసిన చింతకింది మల్లేశం వెలుగులోకి రావడంలో ఈ నెట్‌వర్క్‌తో కలిసి నడిచే పల్లెసృజన అనే స్వచ్ఛంద సంస్థకూ పాలుంది.

మరి సిరిసిల్ల మరమగ్గాల మీద ఇలాంటి పని హైదరాబాద్ బిజినెస్ స్కూళ్లు చేయలేవా? చేయొచ్చు, కానీ చిక్కు తలుపు దగ్గరే. చిన్న యజమాని తన ఖాతా పుస్తకం ప్రొఫెసర్‌కు చూపించడు. అది జీఎస్టీ ఆఫీసుకో, పోటీదారుకో చేరుతుందని భయం, ఆ భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు. అందుకే డబ్బు లెక్కలతో మొదలుపెట్టకూడదు. లోపాల చిట్టా, మగ్గం ఆగిన గంటలు, గోదాములో నూలు: ఈ మూడింటికీ ఖాతా పుస్తకం తెరవక్కర్లేదు. ఒక అధ్యాపకుడికి రెండేళ్లు క్లాసుల భారం తగ్గించి, ఆ రెండేళ్లు పేపర్ అడగకుండా ఉంటే చాలు. ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చే డీన్ ఎవరన్నదే ప్రస్తుతానికి తేలనిది.