గులకరాయి ఏమంటోంది?

మనశ్శాంతికి ఏడు కొండలెక్కడం ఒక్కటే మార్గమని తిరుపతి వాసులమైన మనం ఇంతకాలం నమ్ముతూ వచ్చాము. ఒక గులకరాయి, రెండు ఎండుటాకులు, ఒక క్రేయాన్ల డబ్బా ఉంటే అది మిద్దెమీదే దొరుకుతుందని ఇప్పుడు తేలింది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం ఎనిమిది మందిని కూర్చోబెట్టి, ప్రకృతి వస్తువులను చూపించి బొమ్మలు వేయిస్తున్న ఫెసిలిటేటరుగా ఈ సంగతిని బాధ్యతతో విన్నవించుకుంటున్నాను. (చికిత్స చేసే అర్హత నాకు లేదు, బొమ్మలు వేయించి నోరు మూసుకోవడం వరకే నా అధికారం.)

ఆ నోరు మూసుకోవడంలోనే చిక్కంతా ఉంది. బొమ్మను మెచ్చుకోకూడదు, తప్పు పట్టకూడదు, దానికి అర్థం చెప్పకూడదు, "దీన్ని చేతిలో పట్టుకుంటే మీకేమనిపిస్తోంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. బొమ్మలు వేయించి చేసే చికిత్సకు 'ఆర్ట్ థెరపీ' అనే పేరును 1942లో వాడుకలోకి తెచ్చిన ఆంగ్ల చిత్రకారుడు అడ్రియన్ హిల్, క్షయ సోకి శానటోరియంలో ఉన్న రోజుల్లో బొమ్మలు వేసుకుంటూ దాని మేలు గ్రహించాడు. అప్పటికే మన పాత చిత్తూరు జిల్లాలో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం ఉన్నా ఆ కీర్తి మనకు దక్కకపోవడానికి కారణాన్ని నేను ఊహించగలను: మన రోగి బొమ్మ వేసి ఉంటే పక్క మంచం రోగి లేచి కూర్చుని, "ఏం సామీ, ఆవుకు ఐదు కాళ్లు పెట్టినావే?" అని అడిగి ఉంటాడు.

వస్తువుల సేకరణ కూడా సులభం కాదు. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు కాబట్టి అడవి జోలికి పోలేము; తిరుమలలో పూలన్నీ స్వామివే కాబట్టి తలలో పెట్టుకోవడానికే లేదు, ఇక బొమ్మకు ఎక్కడివి? ఇంత ప్రకృతిని గుమ్మంలో పెట్టుకుని మేము వేపాకులతో, చింతకాయ తొక్కలతో, స్వర్ణముఖి గులకరాళ్లతో సరిపెట్టుకున్నాము. ఒక ఆదివారం ఒక కుర్రవాడు ఎర్రటి చెక్కపెచ్చు తెచ్చాడు. మిగిలిన ఏడు కుర్చీలూ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. "ఇది మీతో ఏమంటోంది?" అని నేను నియమానుసారం అడగ్గా, "బెయిలు రాదంటోంది" అని ఒకాయన జవాబిచ్చారు. అది ఎర్రచందనం కాదు, చింతమొద్దు పెచ్చేనని నిర్ధారణ అయ్యేదాకా ఆ మిద్దెమీద నెలకొన్న మౌనాన్ని ఏ ఫెసిలిటేటరూ సాధించి ఉండడు.

కరక్కాయ ఇచ్చిన వారం అది దగ్గుకు ఎలా వాడాలో ఏడుగురు ఏడు విధాలుగా చెప్పారు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసిన ఆవిడ మాత్రం దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, కరక్కాయ రసంలో పాలు కలిపి బట్ట ముంచడం, తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో ఊరబెట్టి నల్లరంగు తీయడం, ఆ పులిసిన వాసన చీరను వదలకపోవడం నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇదే అదనని నేను, "ఇక్కడ బొమ్మ ఎలా వచ్చిందన్నది లెక్క కాదమ్మా, వేయడమే ముఖ్యం" అన్నాను. "ఆ మాట మా మేస్త్రీకి చెప్పండి సార్, గీత పక్కకు పోతే కూలి కోస్తాడు" అంది. దీనికీ అర్థం చెప్పకూడదు కనుక చెప్పలేదు. ఆ రోజు ఆవిడ కావాలనే వంకర గీతలు వేసింది. కాగితం నిండా వేసింది.

మొదటి వారం గులకరాయిని చేతికిస్తే "ఇది ఏ సర్వే నంబరులోది?" అని అడిగిన విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, ఏడు వారాలు తెల్లకాగితం అంచులు కొలుస్తూ గడిపి, మొన్న ఆ రాయి చుట్టూ పెన్సిలును ఒక్కసారి తిప్పి, లోపలి ఖాళీని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. నేను నియమం తప్పి "చాలా బాగుంది సార్" అనేశాను. వస్తువులను తెచ్చిన చోటే తిరిగి వదలాలన్నది మా మరో నియమం. ఇసుక లారీలెక్కి వెళ్లిపోతున్న స్వర్ణముఖికి ఒక్క రాయైనా వెనక్కి చేరుతోందని నేను సంతోషిస్తుండగా, ఆయన దాన్ని జేబులో వేసుకుంటూ, నదికి అప్పగించినట్టు రసీదు ఎవరిస్తారని అడిగారు.