క్రేన్ ఫ్లైల పేర్లు మార్చడం న్యాయమేనా?

వానాకాలపు రాత్రుల్లో దీపం పక్కన గోడమీద వాలి, పెద్ద దోమ అనుకుని మనం జడుసుకునే పొడవు కాళ్ల ఈగ నిజానికి కుట్టదు. దాన్ని ఇంగ్లీషులో క్రేన్ ఫ్లై అంటారు. ఇప్పటికి 15,000కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. చాలామంది వాటిని టిప్యులిడే, లిమోనియిడే, సిలిండ్రోటోమిడే, పెడిసియిడే అనే నాలుగు కుటుంబాలుగా లెక్కిస్తారు. 2010లో పీటర్సన్ తదితర పరిశోధకులు శరీర లక్షణాలనూ జన్యువులనూ కలిపి పరిశీలించి, కుటుంబాలు రెండే ఉండాలని ప్రతిపాదించారు. అంతకు ముందే పెద్ద ప్రజాతులను, అంటే కుటుంబంలోపల దగ్గరి జాతులను కలిపి పెట్టిన గుంపులను, విడదీసే పని మొదలైంది. మ్యూజియంలో నమూనాల పెట్టెలు సర్దే పూర్వపక్షికీ, సూక్ష్మదర్శిని ముందు కూర్చునే సిద్ధాంతికీ మధ్య జరిగిన వాదం ఇది.

పూర్వపక్షి: అయ్యా, పేరు అనేది పదిమందీ ఒకే వస్తువును గుర్తించడానికి చేసుకున్న ఒడంబడిక. అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ పాల్ అలెగ్జాండర్ దాదాపు ఏడు దశాబ్దాలు శ్రమించి 11,000కు పైగా జాతులను వర్ణించారు. లిమోనియా అనే ఒక్క ప్రజాతి కిందనే వందలాది జాతులను ఉపప్రజాతుల కింద సర్ది పెట్టారు. నమూనాకు పేరు చీటీ రాసేవాడికి అది చాలు. తర్వాతివారు దాన్ని డిక్రనోమియా, జెరనోమియా, లిబ్నోటీస్ అని విడదీశారు. ఈగ మారలేదు, చీటీ మారింది. దీనివల్ల ఎవరికి మేలు?

సిద్ధాంతి: ఈగను చూడవలసిన పద్ధతిలో చూసినవారికి మేలు. జెరనోమియానే తీసుకోండి. దాని ముక్కు సన్నగా, పొడవుగా సాగి ఉంటుంది, దానితో పూలలోని తేనె తాగుతుంది. ఆ పొడవు ముక్కు లేని మరెన్నో జాతులతో కలిపి దాన్ని లిమోనియా అన్నప్పుడు, ఆ పేరు విన్నవాడికి ఈగ గురించి ఏమీ తెలియదు. ప్రజాతి పేరు బంధుత్వాన్ని చెప్పాలి. బంధుత్వం సరిగ్గా ఉంటే, ఒక జాతి గురించి తెలుసుకున్నది దాని సోదర జాతుల విషయంలో కూడా నిజం కావచ్చునని ఊహించి పరీక్షించగలం. తప్పుగా ఉంటే ఆ ఊహే మనల్ని దారి తప్పిస్తుంది. మరొక మాట, పేర్లు విడదీయడం వల్లనే మారాయనుకోకండి, ముద్ద చేయడం వల్ల కూడా మారాయి. వేర్వేరు ప్రజాతుల్లో ఒకే జాతిపదం, అంటే పేరులోని రెండో మాట, ఉన్న రెండు ఈగలను ఒకే ప్రజాతిలోకి తెస్తే, నియమం ప్రకారం వాటిలో తర్వాత వచ్చినదానికి కొత్త పేరు పెట్టాలి. మీరు స్థిరమనుకుంటున్న ఆ పెద్ద లిమోనియా కూడా పేర్లు మార్చే నిలబడింది.

పూర్వపక్షి: పేర్ల గందరగోళానికి ఈ ఈగల చరిత్రలోనే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు మీగెన్ 1800లో ఒక చిన్న పుస్తకంలో కొన్ని పేర్లు పెట్టి, 1803లో తానే వాటిని వదిలి వేరే పేర్లు పెట్టారు. లోకం రెండోవాటినే వాడుకుంది. 1908లో హెండెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పాత పుస్తకాన్ని వెలికి తీయడంతో, ముందు వచ్చిన పేరుదే హక్కు అని వాదించేవారు బయలుదేరారు. ఒకే ఈగను కొందరు నెఫ్రోటోమా అనీ, కొందరు పేలీస్ అనీ రాయసాగారు. పైగా పేలీస్ అనే పేరు టాకినిడ్‌లనే వేరే కుటుంబపు ఈగల్లో మరొక ప్రజాతికి కూడా ఉంది. 1963లో అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం ఆ పుస్తకంలోని పేర్లను రద్దు చేసేదాకా, అర్ధశతాబ్దం పాటు ఒకరి చీటీ చూసి మరొకరు నమ్మలేని స్థితి. సవరణ పేరుతో జరిగినదే కదా అదంతా?

సిద్ధాంతి: ఆ దెబ్బ న్యాయమైనదే, కాదనను. కానీ అక్కడ ఎవరూ ఈగను చూడలేదు, కాగితాన్ని చూశారు. కాగితం తవ్వి తెచ్చిన మార్పుకూ, ఈగను పరిశీలించి తెచ్చిన మార్పుకూ ఉన్న తేడాయే నా వాదమంతా. మొదటిదానికి అడ్డుకట్ట ఇప్పుడు జంతు నామకరణ నియమావళిలోనే ఉంది. 1899 తర్వాత ఎవరూ వాడని పాత పేరు తిరిగివచ్చినా, గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు 25 రచనల్లో వాడిన పేరును కాపాడవచ్చు. రెండోదాన్ని మాత్రం ఏ నియమమూ ఆపకూడదు. ఐరోపా నుంచి ఉత్తర అమెరికాకు చేరి, గడ్డి వేళ్లను కొరికి మైదానాలను పాడుచేసే టిప్యులా పాలుడోసా సంగతి చూడండి. 1960ల నుంచి పశ్చిమ తీరంలో దాన్ని ఎరుగుదురు. దాని దగ్గరి బంధువైన టిప్యులా ఒలెరేసియా కూడా వచ్చిందని 1998లో తెలిసింది. మొదటిది ఏడాదికి ఒక తరం, రెండోది రెండు తరాలు. మొదటిదాని ఆడ ఈగ రెక్కలు పొట్టకన్నా పొట్టివి, రెండోదానివి పొడవైనవి. ఇంత చిన్న తేడాను పట్టుకోకపోతే, మందు ఎప్పుడు చల్లాలో కూడా తప్పుతుంది.

పూర్వపక్షి: అది జాతిని గుర్తించడం, కుటుంబాన్ని మార్చడం కాదు. నాలుగు కుటుంబాలు రెండయితే ఏ పొలానికి లాభం? రేపు మరిన్ని జన్యువులు చూసినవారు మూడంటే?

సిద్ధాంతి: ఆ భాగం మీకే వదులుతున్నాను. లిమోనియిడే ఒకే మూలం నుంచి వచ్చిన గుంపు కాదనడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. అయినా దాన్ని ఏ అంతస్తులో పెట్టాలన్నది తొందరపడి తేల్చవలసిన సంగతి కాదు.

పూర్వపక్షి: సరే, జాతుల దగ్గరికే రండి. నీలగిరి, ఆనైమలై కొండల్లో సుసై నాథన్ పట్టిన ఈగలను అలెగ్జాండర్ మసాచుసెట్స్‌లో కూర్చుని వర్ణించారు. ఆయన సేకరణ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌లో ఉంది. మన కొండల ఈగను సవరించాలంటే మన విద్యార్థి సముద్రం దాటాలా? అంత పని చేసిన మనిషిని ఇప్పుడు తప్పుపట్టడం కృతఘ్నత కాదా?

సిద్ధాంతి: ఆయనను నేను తప్పుపట్టలేదు, ఆ మాట మీరు వెనక్కి తీసుకోవాలి. రెక్కలనూ, కాళ్లనూ, మగ ఈగ జననాంగాలనూ వేల స్లైడ్లుగా అమర్చి ఉంచినవాడు ఆయనే. తన పనిని తర్వాతివారు పరీక్షించాలనే ఆ స్లైడ్లను దాచారని నేను నమ్ముతాను. నమూనా దూరంగా ఉందని పేరును ముట్టుకోకపోతే, ఆ దూరం ఎప్పటికీ తగ్గదు. మూల నమూనాకు, అంటే ఏ ఈగను చూసి పేరు పెట్టారో దానికి, మంచి ఫొటోలు తీయించాలి, అదే కొండమీద అదే నెలలో మళ్లీ వల విసరాలి, మగ ఈగను పట్టి పోల్చాలి. ఇది మన విద్యార్థులు చేయగల పని, చేయవలసిన పని.

పూర్వపక్షి: ఈ ఈగల కాళ్లు ముట్టుకుంటే రాలిపోతాయి. కాళ్లు లేని ఒక్క నమూనా మీద నిలిచిన జాతిని ఏ ప్రజాతిలో పెడతారు?

సిద్ధాంతి: ఉన్నచోటే ఉంచి, సందేహాన్ని రాతలో పెడతాను. మార్చినచోట కూడా సాధారణంగా జాతిపదం, వర్ణించినవారి పేరు, ఏడాది చెదరవు. ప్రజాతి మారిందని తెలిపేందుకు వర్ణించినవారి పేరు బ్రాకెట్లలోకి వెళుతుంది, అంతే. మీ పాత చీటీని కూడా తీయనక్కరలేదు. దాని కింద అదే పిన్నుకు కొత్త చీటీ గుచ్చి, నిర్ధారించినవారి పేరు, ఏడాది రాయండి.

పూర్వపక్షి: అలాగైతే జెరనోమియా పెట్టెను రేపే విడిగా సర్దుతాను. కుటుంబం చీటీని మాత్రం ముట్టుకోను.