ఓడలో పొగ ఎటు పోతుంది?

నల్లగొండ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. పుట్టిన దగ్గర నుంచీ నాకు ఆయాసం ఉంది. మా నాయన అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చే సమయంలో నన్ను పెరటి గదిలో పడుకోబెట్టేవారు; మృగశిర కార్తెకు హైదరాబాదు తీసుకుపోయి చేప మందు కూడా మింగించారు. బస్సులో ముందు సీట్ల పైన "పొగ త్రాగరాదు" అని రాసి ఉండగా ఆ అక్షరాల కిందనే బీడీ ముట్టించుకునే కండక్టర్లను చూస్తూ పెరిగిన తరం మాది. అందువల్ల ఒక చోట పొగ నిషేధమని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ నిషేధం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అడగడం నాకు అలవాటు. జీవితంలో ఒకే ఒక్కసారి ఆ ప్రశ్న అడగకుండా డబ్బు కట్టాను, అది ఓడ ప్రయాణానికి.

సముద్రం మీద దిగిన ఫోటోలు చూసి మా కాలనీలోని ముగ్గురు ఆడవాళ్లు "టీచరమ్మా, ఏ షిప్పు మంచిది?" అని అడిగారు. వారిలో ఒకరి భర్తకు గుండెకు స్టెంట్ వేశారు, ఇంకొకరి మనవరాలికి నాలాగే ఆయాసం. వారికి విడివిడిగా చెప్పడం కన్నా ఇక్కడ వివరంగా రాయడం మేలనిపించింది. ఒక మాట ముందే చెప్పాలి: ఖరీదైన ఓడ ఎక్కితే పొగ ఉండదన్న నమ్మకంతోనే మేము ఎక్కాము, ఆ నమ్మకం తప్పు.

మా పెళ్లిరోజు కానుకగా మా అబ్బాయి నాలుగు రాత్రుల ప్రయాణం ఇప్పించాడు. గదికి బాల్కనీ, రోజుకు ఆరు రకాల భోజనశాలలు, రాత్రి నాటకశాలలో కార్యక్రమాలు. ఖర్చు ఎంతయిందో వాడు ఇప్పటికీ సరిగా చెప్పలేదు. టిక్కెట్లు ఇప్పించిన ఏజెంటు "మేడమ్, మొత్తం నాన్ స్మోకింగ్ షిప్పే" అని ఫోనులో హామీ ఇచ్చాడు. మొదటి రాత్రి భోజనం చేసి నాటకశాలకు బయలుదేరితే దారి కసినో అనే జూదశాల మధ్యలో నుంచి పోయింది. పక్క నుంచి కాదు, సరిగ్గా బల్లల మధ్యలో నుంచి. అక్కడ సిగరెట్టు కాల్చుకోవచ్చు. నలభై అడుగుల దూరం దాటడానికి నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా సారు చేయి పట్టుకుని దాదాపు పరుగెత్తవలసి వచ్చింది. మెట్ల దారి వేరే ఉందని మూడో రోజు తెలిసింది. కానీ ఆ మెట్లు తెరుచుకునేది కసినో పై అంతస్తులో, మధ్యలో అంతా ఖాళీగా ఉండే పెద్ద హాలులోకి. వేడిగాలి పైకే పోతుందని ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చెప్పినదాన్ని, అక్కడ నిలబడి ఆ పాఠాన్ని నేనే మళ్లీ నేర్చుకున్నాను.

ఏజెంటు అబద్ధం చెప్పలేదని ఇంటికి వచ్చి చదువుకున్న తరువాత అర్థమైంది. ఈ వ్యాపారంలో "నాన్ స్మోకింగ్" అన్న మాటకు గదుల్లోనూ భోజనశాలల్లోనూ నాటకశాలలోనూ కాల్చకూడదని మాత్రమే అర్థం. ఆ మేరకు నేటి పెద్ద సంస్థలు దాదాపు అన్నీ అంతే; గదిలో కాల్చి పట్టుబడితే 250 డాలర్లు, కొన్ని సంస్థల్లో అంతకన్నా ఎక్కువ, మన ఖాతాలో రాసేస్తారు. ఇక మిగిలినవి కసినో, చుట్టల లాంజి, ఈత కొలను పక్కన ఒక మూల, కొన్నింటిలో నైట్ క్లబ్బు. అడగవలసినది ఆ మిగిలిన చోట్ల గురించి. మనం మాత్రం గది గురించి అడిగి తృప్తి పడిపోతాము.

బాల్కనీల్లో నిషేధం రావడానికి ఆరోగ్యం ఒక్కటే కారణమని అనుకోవద్దు. 2006 మార్చి 23 తెల్లవారుజామున ప్రిన్సెస్ సంస్థ వారి స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ జమైకా వైపు పోతుండగా ఒక బాల్కనీలో నిప్పు అంటుకుంది. ఎవరో ఆర్పకుండా పడేసిన సిగరెట్టే కారణమై ఉంటుందని విచారణ జరిపిన బ్రిటిష్ అధికారులు తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డుతెరలు, ప్లాస్టిక్ కుర్చీలు, పైన సముద్రపు గాలి. మంట నిమిషాల్లో అంతస్తుల మీదికి పాకింది, పొగకు ఒక ప్రయాణికుడు మరణించాడు. ఆ తరువాత బాల్కనీ సామగ్రిపై అంతర్జాతీయ నియమాలు కఠినమయ్యాయి. అయినప్పటికీ అదే ప్రిన్సెస్ సంస్థ తన బాల్కనీలన్నిటిలో సిగరెట్టును నిషేధించింది 2012 జనవరిలో, అంటే దాదాపు ఆరేళ్ల తరువాత. రాయల్ కరీబియన్ 2014 జనవరిలో నిషేధించింది. తమ ఓడే తగులబడిన సంస్థకు కూడా ఆరేళ్లు పట్టిందంటే, పొగ తాగే ప్రయాణికుడిని దూరం చేసుకోవడానికి వీరు ఎంత జంకుతారో ఊహించుకోవచ్చు.

ఆ జంకుకు మూలం జూదం. 1998లో కార్నివాల్ సంస్థ ప్యారడైజ్ అనే ఓడను పూర్తిగా పొగ లేని ఓడగా నడపడం మొదలుపెట్టింది. ఎక్కే ముందు ప్రయాణికులు కాగితం మీద సంతకం పెట్టాలి. సిగరెట్టుతో దొరికితే జరిమానా కట్టించుకుని తరువాతి రేవులో దించేసేవారు. సొంత ఖర్చుతో ఇంటికి పోవాలి. అది 2004 వరకు సాగి ఆగిపోయింది. పొగ తాగనివారు జూదం మీదా మద్యం మీదా తక్కువ ఖర్చు చేస్తారన్నది అందుకు చెప్పుకున్న కారణం. చిన్న ఓడల్లో పొగను దాదాపుగా నిషేధించిన రెనైసాన్స్ అనే సంస్థ 2001 సెప్టెంబరులో మూతపడింది. అయితే అది అమెరికాపై జరిగిన దాడుల తరువాత ప్రయాణాలు పడిపోయిన రోజుల్లో, కాబట్టి ఆ పాపాన్ని పొగ నిషేధం ఖాతాలో వేయడం న్యాయం కాదు. కసినో పెట్టిన ఓడ నుంచి స్వచ్ఛమైన గాలి ఆశిస్తే, సారా దుకాణం అరుగు మీద కూర్చుని వాసన వస్తోందని నొచ్చుకున్నట్టే ఉంటుంది.

అందుకే నా మొదటి కొలత ఇది: ఓడలో కసినో ఉందా? వైకింగ్ వారి సముద్రపు ఓడల్లో లేదు, లోపల ఎక్కడా కాల్చనివ్వరు. డిస్నీ ఓడల్లోనూ కసినో లేదు, కాల్చేవారికి బయట నిర్ణీత స్థలాలు ఉంటాయి. మనవలను తీసుకుపోయేవారికి అదే నయం, ఎందుకంటే వైకింగ్‌లో పద్దెనిమిదేళ్లలోపు వారిని ఎక్కనివ్వరు. కసినో ఉన్నా అందులో కాల్చనివ్వని ఓడలూ ఉన్నాయి, సెలబ్రిటీ వారివి ఆ కోవలోకి వస్తాయి. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి కనుక నా మాట పట్టుకుని డబ్బు కట్టకండి, కట్టే రోజున ఆ సంస్థ రాసుకున్న నియమాన్ని స్వయంగా చదవండి.

విలాసమన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. అత్యంత ఖరీదైన ఓడలకు పాతకాలపు దొరల క్లబ్బుల వాసన ఇంకా వదలలేదు. కునార్డ్ ఓడల్లో చర్చిల్ పేరుతోనే చుట్టల గది ఉంటుంది. తోలు సోఫాలు, బ్రాందీ, చుట్ట కలిస్తేనే దర్జా అన్న భావన ఆ గదులది. తలుపు వేసి ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే తలుపు ప్రతి ఐదు నిమిషాలకు తెరుచుకుంటుంది, తెరుచుకున్న ప్రతిసారీ కొంత గాలి నడవాలోకి వస్తుంది. పక్కపొగకు, అంటే ఇతరులు కాల్చగా మనం పీల్చే పొగకు, హాని లేని స్థాయి అంటూ లేదని, వేరే స్థలం కేటాయించడం వల్లా గాలి శుద్ధి యంత్రాల వల్లా దాన్ని పూర్తిగా తొలగించలేమని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక 2006లోనే స్పష్టంగా చెప్పింది. గదికి లక్ష రూపాయలు ఎక్కువ కట్టినంత మాత్రాన ఆ మాట మారిపోదు.

చిన్న ఓడైతే మేలు కదా అని మా అబ్బాయి అన్నాడు. ఆరేడు వందల మంది మాత్రమే ఎక్కే ఓడలో కాల్చేవారు కొద్దిమందే ఉంటారు, నిజమే. ఓషియానియా వంటి సంస్థ ఓడ మొత్తంలో ఒకటి రెండు మూలలకే పొగను పరిమితం చేస్తుంది, అందుకు వారిని మెచ్చుకోవాలి. కానీ చిన్న ఓడకు ఈత కొలను కూడా చిన్నదే. ఆ మూలకూ మన కుర్చీకీ మధ్య దూరం ఇరవై అడుగులైతే "ఒక మూల" అన్న మాటకు అర్థం ఏముంటుంది? పెద్ద ఓడలో పొగ చోట్లు ఎక్కువే అయినా, పారిపోవడానికి ఇంకో నాలుగు డెక్కులు, అంటే అంతస్తులు, ఉంటాయి. రెండింటిలో ఏది మేలని నన్నడిగితే, కసినో లేని మధ్యరకం ఓడ అంటాను.

ఇక గది ఎంపిక. ఇక్కడే నా పాత ఉద్యోగం అక్కరకు వచ్చింది. ఓడ ఇరవై నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, బయట గాలి లేకపోయినా డెక్కు మీద ముందు నుంచి వెనక్కి అదే వేగంతో గాలి వీస్తుంది. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయిన ప్రతివారికీ ఇది అనుభవమే: ముందు వరుసలో ఎవరైనా తువ్వాలు దులిపితే ఆ దుమ్ము వెనక వరుసవారి కళ్లలో పడుతుంది. కాబట్టి పొగ తాగే డెక్కు ఓడ మధ్యలో కుడివైపున ఉంటే, దానికి వెనకగా కుడివైపున ఉన్న బాల్కనీలన్నీ ఆ పొగను పీలుస్తాయి. ఎడమవైపున, ఆ స్థలం కన్నా ముందుగా ఉన్న గది తీసుకోవాలి. ఓడ వెనక కొసన ఉండే గదులకు దృశ్యం బాగుంటుందని ఎక్కువ డబ్బు అడుగుతారు. ఓడ గొట్టం మసి కూడా అటే పోతుందని మాత్రం చెప్పరు. రేవులో నిలిచి ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ పనిచేయవు, గాలి ఎటు వీస్తే పొగ అటు.

నిషేధం ఉన్నా బాల్కనీలో దొంగచాటుగా కాల్చేవారు ఉంటారు. మా పక్క గదాయన రెండో రాత్రి పదకొండు గంటలకు ఆ పనే చేశాడు. నేను కౌంటరుకు ఫోను చేశాను, ఒక ఉద్యోగి వచ్చి మర్యాదగా తలుపు తట్టి, మర్యాదగా వెళ్లిపోయాడు. మరునాడు రాత్రి పదకొండు గంటలకు మళ్లీ అదే వాసన. జరిమానా వేశారో లేదో నాకు చెప్పలేదు, చెప్పవలసిన అవసరం లేదన్నారు.

మన దేశంలో 2003 నాటి పొగాకు చట్టం ఉంది, బహిరంగ స్థలాల్లో పొగ నిషేధ నియమాలు 2008 అక్టోబరు 2 నుంచి అమలవుతున్నాయి, జరిమానా రెండు వందల వరకు వేయవచ్చు. ఆ చట్టం ఓడలోనూ కాపాడుతుందని అనుకునేవారు కొందరున్నారు. కానీ విహార నౌకలు ఎక్కువగా బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాల జెండాల కింద నమోదై ఉంటాయి. నడిసముద్రంలో ఓడ లోపలి వ్యవహారాలకు ప్రధానంగా ఆ జెండా దేశపు చట్టమే వర్తిస్తుంది. అక్కడ మనకు మిగిలేది సంస్థ స్వయంగా రాసుకున్న నియమం, దాన్ని అమలు చేసే ఉద్యోగి ధైర్యం.

ఏజెంట్ల గురించి నాకు కోపం ఇంకా తగ్గలేదు. వచ్చే జనవరి ప్రయాణం కోసం ఈసారి హైదరాబాదులో ఇద్దరిని అడిగాను. డెక్కు నక్షా ముందు పెట్టి, కాల్చుకునే చోట్లు ఎక్కడో గుర్తు పెట్టమన్నాను. ఒకాయన నవ్వి "అంత లోతుగ ఎవ్వరు అడగరు మేడమ్" అన్నాడు. ఎన్ని రకాల బిర్యానీ పెడతారో మాత్రం అడగకుండానే చెప్పాడు. రెండో ఆయన రెండు రోజులు తీసుకుని, సంస్థకు మెయిల్ పంపించి, జవాబును నాకు పంపించాడు: భోజనశాల నుంచి నాటకశాలకు కసినో తగలకుండా దారి ఉంది, పొగ చోటు పదకొండో డెక్కు కుడివైపున మధ్యలో ఉంది. టిక్కెట్లు ఆయన దగ్గరే తీసుకున్నాను, కమీషన్ కొంత ఎక్కువైనా సరే.

మేము తొమ్మిదో డెక్కులో, ఎడమవైపున, ముందు భాగంలో గది తీసుకున్నాము. ఇది తెలిసి మా మరిది, అంటే రోజుకు పది సిగరెట్లకు తగ్గకుండా కాల్చే మా మరిది, తానూ వస్తానని బయలుదేరాడు. "వదినా, మీ ముంగటి గది ఖాళీగున్నదట, అది నాకు జేయించు" అని ఫోను చేశాడు. బాల్కనీలో కాల్చనని పిల్లల మీద ఒట్టు కూడా పెట్టాడు. నేను ఏజెంటుతో మాట్లాడి అతనికి మా వెనక గది, మధ్యలో నాలుగు గదులు వదిలి, ఇప్పించాను. ఎందుకని అడిగితే ముందువైపు ఊపు ఎక్కువగా ఉంటుందని చెప్పాను. అది కూడా నిజమే.