తెల్లటి పెంకు కింద ఏముంది?

మా మేనకోడలికి మాఘమాసంలో పెళ్లి. ముందు పళ్ళకు వెనీర్లు వేయించుకుంటానంటే శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. మా అమ్మ కూడా వచ్చింది. డాక్టరు 16 నమూనా పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ తెచ్చి, ఒక్కొక్కటే అమ్మాయి పై పెదవి కింద పెట్టి చూశారు. చీర మీద జాకెట్టు ముక్క వేసి చూసినట్టే. పిల్ల వేలు అన్నిటికంటే తెల్లదాని మీదకే వెళ్లింది. "ఇది వేస్తే పెళ్లిపందిట్లో ముందు పళ్ళు కనిపిస్తాయి, తరువాతే నువ్వు" అన్నారాయన.

వెనీర్ అంటే పన్ను ముందువైపు అతికించే పలుచని పెంకు. పింగాణీదైతే దాదాపు గోరంత మందం. కాంపోజిట్ అయితే పుచ్చు పూడ్చే పదార్థాన్నే పన్ను మీద మలుస్తారు. ఖర్చు తక్కువ, మన్నిక కూడా తక్కువే. 1930ల నాటికే చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు హాలీవుడ్ నటులకు ఇలాంటి పెంకులు పెట్టేవారు. చిత్రీకరణ ముగిశాక తీసేయవలసిందే, గట్టిగా పట్టి ఉంచే జిగురు అప్పట్లో లేదు. పంటి పైనుండే గట్టి పొరను, అంటే ఎనామిల్‌ను, ఆమ్లంతో గరుకు చేస్తే జిగురులా పనిచేసే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో బ్యూనకోర్ అనే దంతవైద్యుడు చూపించారు. 1980లలో పింగాణీకీ ఆ కిటుకు అబ్బింది. ఆ నటులు సాయంత్రానికి తమ పళ్ళతో ఇంటికి వెళ్లేవారు. ఇప్పుడు వేయించుకునేవారికి ఆ వీలు లేదు.

ఎందుకంటే పెంకుకు చోటు కోసం చాలాసార్లు పన్నును అర మిల్లీమీటరు వరకు అరగదీస్తారు. పోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. పైగా చిగురు దగ్గర ఎనామిల్ మరీ పలుచన. అక్కడ కాస్త చెయ్యి జారినా దాని కిందుండే డెంటిన్ అనే లోపలి పొర బయటపడుతుంది, పళ్ళు జివ్వుమంటాయి, జిగురు పట్టూ తగ్గుతుంది. అందుకే ధర అడిగే ముందు "ఎంత అరగదీస్తారు?" అని అడగాలంటాను. మంచి పింగాణీ వెనీర్ పది పదిహేనేళ్లు నిలుస్తుంది. పాతికేళ్ల పిల్లకు అరవై వచ్చేలోపు కనీసం రెండుసార్లు మార్చవలసి రావచ్చు. ఆ లెక్క పెళ్లి ఖర్చులో ఎవరూ వేయరు.

నిద్రలో పళ్ళు నూరే అలవాటున్నవారికి ఇది అంత మంచిది కాదు. సంక్రాంతికి చెరకు గడను ముందు పళ్ళతో చీల్చే ఇళ్లలో అయితే ఆ ముచ్చట మానుకోవాలి. పళ్ళను తెల్లబరిచే బ్లీచింగ్ చేయించుకోదలిస్తే వెనీర్ కంటే ముందే కావాలి, పింగాణీ రంగు తరువాత మారదు.

వెనీర్లు వద్దని కాదు. ఫ్లోరైడ్ మచ్చలు బాగా ముదిరినవారికి, చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ మందు వల్ల పళ్ళు బూడిదరంగుకు తిరిగినవారికి, పుట్టుకతోనే పన్ను పొట్టిగా మొనదేలినవారికి ఇవి నిజంగా మేలు చేస్తాయి. మా పిల్లకు వాటిలో ఏదీ లేదు. గార తీయించి శుభ్రం చేయగానే పసుపు సగానికి సగం పోయింది. సైకిల్ మీంచి పడి విరిగిన ఒక పంటి మూలకు మాత్రం కాంపోజిట్ పెట్టారు.

తరువాత ఆయన మా అమ్మను కుర్చీలోకి రమ్మన్నారు. చుట్ట వాసన పసిగట్టినట్టున్నారు. అమ్మ ముప్పై ఏళ్లుగా అడ్డపొగ తాగుతుంది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఈ జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, అంగిలి మీద వచ్చే మచ్చలకూ క్యాన్సర్‌కూ అడ్డపొగతో ఉన్న సంబంధాన్ని చెప్పింది. ముందు పళ్ళు మాత్రమే చూసి పంపే వైద్యం ఇక్కడ చాలదు. పెళ్లికూతురి పళ్ళకు పట్టిన దానికంటే అమ్మ అంగిలికే ఆయనకు ఎక్కువసేపు పట్టింది. అద్దం ఒకే చోట ఆగి ఆగి తిరిగింది. వచ్చే వారం మళ్ళీ రమ్మన్న చీటీ మీద ఉన్నది అమ్మ పేరే.