బెత్తం తీసేశాం, దాని చోట ఏమీ పెట్టలేదు

బడిలో పిల్లలు రక్తాలు కారేలా కొట్టుకున్నారనో, ఒక కుర్రాడు మాస్టారి మీద చెయ్యి చేసుకున్నాడనో వార్త వస్తే చాలు, నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కోర్టు సెంటర్లోనైనా టీ కొట్టు దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది. బెత్తం తీసేసినప్పుడే బడి చెడిపోయిందని. చెప్పేవాళ్ళలో చాలామంది చింతబరికె దెబ్బలు తిన్నవాళ్ళే. గోడకుర్చీ వేసినవాళ్ళు, ఎండలో మోకాళ్ళ మీద నిలబడినవాళ్ళు. "మేం తినలేదా దెబ్బలు? బాగుపడలేదా?" అంటారు. బాగుపడ్డారు, నిజమే. అదే తరగతిలో దెబ్బలకు జడిసి పలక పారేసి గేదెల వెంట పోయినవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి ఆ టీ కొట్టు దగ్గరకు రారు. అందుకే ఈ వాదన ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుంది.

ఈ మాటల వెనక ఉన్న ఆందోళన మాత్రం ఉత్తది కాదు. 2024 డిసెంబరులో అన్నమయ్య జిల్లా రాయచోటిలో, తరగతిలో అల్లరి ఆపబోయిన ఉపాధ్యాయుడు ఒకరు మరణించారు. విద్యార్థులు దాడి చేయడం వల్లనే చనిపోయారని కుటుంబసభ్యులు ఆరోపించారు. 2025 ఏప్రిల్‌లో ఉత్తరాంధ్రలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, ఫోను తీసుకున్న అధ్యాపకురాలిని విద్యార్థిని చెప్పుతో కొట్టిన వీడియో రాష్ట్రమంతా చూసింది. అంతకు నెల ముందు విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, పిల్లలను దారిలో పెట్టలేకపోతున్నానంటూ వాళ్ళ ముందే గుంజీలు తీశారు. విద్యాశాఖ మంత్రి లోకేశ్ ఆయన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోలుతో నాకు పేచీ లేదు. కానీ ఒక ప్రధానోపాధ్యాయుడికి మిగిలిన చివరి ఉపాయం తన చెవులు తాను పట్టుకోవడమేనా అన్న ప్రశ్న ఆ చప్పట్లలో వినిపించకుండా పోయింది.

బెత్తాన్ని విద్యాహక్కు చట్టమే తీసేసిందని చాలామంది అనుకుంటారు. 2009 నాటి ఆ చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. మన రాష్ట్రమైతే అంతకు చాలా ముందు, 2002లోనే విద్యా నియమావళిని సవరించి బడిలో కొట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత ఐదేళ్ళకు, 2007లో, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనం బయటికి వచ్చింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడికి వెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది దెబ్బలు తింటున్నామని చెప్పారు. అంటే ఉత్తర్వు ఫైల్లోనే ఉంది, బెత్తం బీరువా మీదనే ఉంది. మార్కుల కోసమే నడిచే వసతి చదువుల్లో (ఈ కార్పొరేట్ చదువుల పుట్టినిళ్ళలో నెల్లూరు ఒకటి, ఆ ఘనత కాదనలేం) చెంపదెబ్బ ఇప్పటికీ చాలాచోట్ల మామూలు విషయమే. ఇంత నామమాత్రంగా అమలైన నిషేధం మీద ఇంత పెద్ద నేరం మోపడం ఎలా కుదురుతుంది?

పైగా ఆ రోజుల్లో బెత్తం అందరి మీదా ఒకేలా పడిందా? సర్పంచ్ మనవడికి, ఎస్సైగారి అబ్బాయికి పడిన దెబ్బలెన్ని, ఎస్సీ కాలనీ నుంచి, యానాదుల గుడిసెల నుంచి వచ్చిన పిల్లలకు పడినవెన్ని? నిలదీయడానికి బడిదాకా రాలేని తండ్రి ఉన్న పిల్లవాడి వీపే బెత్తానికి అనువుగా దొరికింది. నెల్లూరు జిల్లాలో యానాది పిల్లలు చదువు మానేయడానికి పేదరికం ఒక్కటే కారణమని చెప్పేవాళ్ళు ఈ పద్దును ఎప్పుడూ లెక్కలో కలపరు.

"దండం దశగుణం భవేత్" అనే పెద్దలకు పరిశోధనలు చూపించడం కొంచెం కష్టమే. అయినా చెప్పాలి. 2016లో అమెరికా పరిశోధకులు ఇద్దరు యాభై ఏళ్ళ అధ్యయనాలను, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో మాట వినే గుణం పెరిగిన ఆనవాలు లేదు. దుడుకుతనం మాత్రం ఎక్కువగా కనిపించింది. దుడుకు పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారు కదా, ఏది ముందు ఏది వెనక అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే దెబ్బలు మేలు చేశాయన్న ఆధారం ఎటు తిప్పి చూసినా దొరకలేదు. అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అక్కడ పదిహేడు దాకా రాష్ట్రాల్లో ప్రభుత్వ బడిలో పిల్లల్ని చెక్కబద్దతో కొట్టడం చట్టబద్ధమే. వాటిలో టెక్సస్ ఒకటి. 2022 మే నెలలో ఆ రాష్ట్రంలోని యువాల్డేలో, ఆ ఊరి కుర్రాడే ప్రాథమిక పాఠశాలలోకి తుపాకీతో వచ్చి 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపాడు. చెక్కబద్ద వల్లనే తుపాకీ వచ్చిందని నేను అనడం లేదు. చెక్కబద్ద ఉంటే తుపాకీ రాదన్న మాట నిలబడదని మాత్రమే అంటున్నాను.

దెబ్బ అసలే పనిచేయదని కూడా కాదు. పనిచేస్తుంది, రెండో తరగతిలో. తొమ్మిదికి వచ్చేసరికి కుర్రాడికి నూనూగు మీసం వస్తుంది, ఎత్తు మాస్టారితో సమానమవుతుంది. అప్పటిదాకా దెబ్బల ద్వారా వాడికి అందిన పాఠం ఒక్కటే: బలమున్నవాడు కొడతాడు, లేనివాడు పడతాడు. ఇప్పుడు బలం ఎటు మారిందో వాడికి తెలుసు. టీచర్ని ఎదిరించిన కుర్రాణ్ణి క్రమశిక్షణ తెలియనివాడు అంటాం గానీ, తాను చూసిన క్రమశిక్షణనే వాడు తు.చ. తప్పకుండా పాటించాడు.

పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు వెళితే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి, యర్రగొండపాలెం ప్రాంతాల్లో వానలు లేక, బోర్లు ఎండి, దొరికే నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండి, జనం హైదరాబాదుకు, బెంగళూరుకు బేల్దారి పనులకు పోవడం ఎప్పటి నుంచో ఉంది. దేశంలో ఎన్నో బళ్ళకు పలకలు పంపిన మార్కాపురం కూడా ఈ చుట్టుపక్కలదే. అమ్మానాన్నలు అక్కడ సిమెంటు కలుపుతుంటే పిల్లలు ఇక్కడ అవ్వాతాతల దగ్గర ఉంటారు. అలాంటి ఒక ఊరి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి, ఎనిమిదో తరగతి చదివే మనవడి కోసం ఒక ముసలామె వచ్చింది. సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర వేసి, కొంగుతో వేలు తుడుచుకుంటూ, "కన్ను ఒక్కటి వదిలిపెట్టి ఎక్కడైనా కొట్టండి అయ్యవారూ, నా మాట వినడు" అంది. వాడు పక్కనే నిలబడి గోడ మీది పటం చూస్తున్నాడు.

"కొడితే వింటాడా అవ్వా?" అన్నారు మాస్టారు.

ఆమె కాసేపు ఆలోచించింది. "వాళ్ళ నాయన పండక్కి వచ్చినప్పుడు కొట్టాడు. ఆయన మళ్ళీ బస్సు ఎక్కేదాకా విన్నాడు" అంది.

కొట్టే మనిషి ఎదురుగా ఉన్నంతసేపే ఆ వినడం. మనిషే ఇంట్లో లేనప్పుడు? రాష్ట్రమంతటా ఒకే రోజున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు 2024 డిసెంబరు 7న జరిగాయి, 2025 జులై 10న మళ్ళీ జరిగాయి. మంచి పనే. కానీ ఒక్కరోజు కూలి పోగొట్టుకుని, రాత్రంతా ప్రయాణం చేసి బెంగళూరు నుంచి ఆ తండ్రి రాడు. ఆ సమావేశం అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది వాడి కొడుక్కే.

ఇంట్లో జరిగేది పిల్లలతో పాటే బడికి వస్తుందని నెల్లూరు జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠం తమ బతుకే అనిపించి ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో మద్యం తిరిగి వచ్చింది. ఆ ఆడవాళ్ళ గోడు కూలి డబ్బులు సారాకు పోవడం గురించి మాత్రమే కాదు. తాగి వచ్చిన మగవాడు రాత్రిపూట ఇంట్లో చేసే రభస, ఆ పక్కనే చాప మీద నిద్ర నటిస్తూ పడుకున్న పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఆనాటి ఆ పిల్లలకు ఇప్పుడు పిల్లలు. ఉదయం ప్రార్థనలో నిలబడిన వరుసలో ఎవరు రాత్రి నిద్రపోయారో, ఎవరు పోలేదో మాస్టారికి తెలియదు. అది తెలుసుకోవడం తన పనిలో భాగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అందుకు తీరికా ఇవ్వలేదు.

పిల్లల గొడవలు దేనికి మొదలవుతాయో దగ్గర నుంచి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫోటో, దాని కింద నవ్వుతున్న బొమ్మ. అభిమాన హీరో మీద ఒక మాట. ఒక అమ్మాయి పేరు. రాత్రంతా ఫోన్లలో ముదిరిన తగవు ఉదయం ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర చొక్కాలు పట్టుకునేదాకా వస్తుంది. టీచర్లకు కనిపించేది ఆ చివరి అంకం మాత్రమే. దీనికి కులం తోడైతే ఇక చెప్పాల్సిన పని లేదు. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి ఇంట్లోకి చొరబడి, అతని బడి పిల్లలే కొడవళ్ళతో దాడి చేశారు. అడ్డొచ్చిన చెల్లెల్నీ వదలలేదు. ఆ తర్వాత ప్రభుత్వం నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో నివేదిక ఇస్తూ, కులాన్ని చూపించే రంగుల చేతితాళ్ళు బడిలో ఉండరాదని చెప్పింది. మన దగ్గర తాళ్ళ బదులు ఫ్లెక్సీలున్నాయి, బైకుల మీద రాతలున్నాయి. పదహారేళ్ళ కుర్రాడి ఫోటోను కులనాయకుడి పక్కన వేసిన ఫ్లెక్సీకి ఊరి పెద్దలే డబ్బులిస్తారు. ఆ కుర్రాడే బడిలో ఎవరినో కొడితే, క్రమశిక్షణ పోయిందని ఉపన్యసించేదీ వాళ్ళే.

నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల్లో చేరుకునే చెన్నైలో 2012 ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతి కుర్రాడు తరగతి గదిలోనే ఉపాధ్యాయురాలిని పొడిచి చంపాడు. తన చదువు గురించి డైరీలో ఇంటికి రాసి పంపుతోందన్న కోపం కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆమె చేసింది ఏ టీచరైనా చేయాల్సిన పనే. కానీ ఆ రాతకు, ఆ కత్తికి మధ్య ఆ కుర్రాడు మనసు విప్పి మాట్లాడగలిగిన ఒక పెద్దమనిషి ఆ బడిలోనో ఇంట్లోనో ఉండి ఉంటే బాగుండేది. నేను చెప్పదలచుకున్నది అసలు ఆ మనిషి గురించే.

బెత్తం తీసేసిన ప్రభుత్వం దాని చోట ఆ మనిషిని పెట్టలేదు. ఇంకా పెట్టింది ఏమైనా ఉంటే యాప్‌లు పెట్టింది. 2022 నుంచి టీచర్లు ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నారు. మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కిస్తున్నారు. కొన్నేళ్ళు మరుగుదొడ్ల ఫోటోలు కూడా తీసి పంపారు. చాలా ప్రభుత్వ బళ్ళలో పిల్లల మనసు తెలిసిన కౌన్సెలర్ లేరు, కొన్నింటిలో ఆడించే వ్యాయామ ఉపాధ్యాయుడూ లేరు. ఇంకోపక్క బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లల మీద క్రూరత్వానికి మూడేళ్ళ దాకా జైలు పడవచ్చన్న భయం. ఆ సెక్షన్ ఉండాల్సిందే. కానీ దాన్ని చూసి పిల్లల జోలికే పోకుండా, పాఠం చెప్పి బయటపడుతున్న టీచర్లు పెరిగారు. కొట్టే టీచరు కంటే పట్టించుకోని టీచరు నయమని నాకు అనిపించదు.

క్రమశిక్షణ వద్దని ఎవరూ అనరు. బల్ల విరగ్గొట్టినవాడు శనివారం వడ్రంగి పక్కన కూర్చుని దాన్ని బాగు చేయాలి. కొట్టుకున్న ఇద్దరినీ ఆ రోజే, ఇళ్ళకు పోకముందే, ఎదురెదురుగా కూర్చోబెట్టి ఏం జరిగిందో ఇద్దరి నోటా చెప్పించాలి. తీసుకున్న ఫోను ఇంటి పెద్ద వచ్చి పట్టుకుపోవాలి. ఇవన్నీ సర్పంచ్ మనవడికీ వర్తించాలి, ఎమ్మెల్యే అనుచరుడు ఫోను చేసినా సరే. ఇది బెత్తం కంటే చాలా కష్టమైన పని, ఎక్కువ సమయం పట్టే పని. అందుకే మనుషులు కావాలి. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్షా కింద సీజనల్ హాస్టళ్ళ ఏర్పాటు ఉంది. అవి తల్లిదండ్రులు ఊరు వదిలే నాటికి తెరిచి ఉండాలి, వాళ్ళు వెళ్ళిపోయిన రెండు నెలలకు కాదు.

డబ్బు లేదనే మాట ప్రకాశం జిల్లా అధికారులు అనకూడదు. చీమకుర్తి గ్రానైట్ నుంచి జిల్లా ఖనిజ నిధికి వాటా వస్తుంది. 2015 నాటి గనుల చట్ట సవరణతో వచ్చిన ఆ నిధిని గనుల ప్రభావం ఉన్న ఊళ్ళలో విద్యకు, పిల్లల సంక్షేమానికి ఖర్చు చేయవచ్చని నిబంధనల్లోనే ఉంది. ముందుగా ఆ ఒక్క మండలం ఉన్నత పాఠశాలలకు కౌన్సెలర్లను పెట్టి, ఏడాదిపాటు బడి మానేసినవాళ్ళ లెక్క, గొడవల లెక్క రాసి చూడవచ్చు. బళ్ళు జూన్‌లో తెరుస్తారు. ప్రతిపాదన కలెక్టర్ బల్ల మీదకు మార్చి లోపలే చేరాలి, పంపాల్సింది జిల్లా విద్యాశాఖాధికారి.